ఆదివారం కూడా ముందే కోసేసిన తాబేలు

శనివారం మధ్యాహ్నం. సహస్ర వరండాలో కూర్చుని పప్పన్నం తింటోంది. జామచెట్టు కింద నుంచి పీక్, పీక్ అని ఏడుపు మొదలైంది.

"మల్ల ఇరికింది" అని వంటింట్లోంచి అమ్మ రమ కేక వేసింది.

తాత రాయమల్లు మోకాళ్లు పట్టుకుని లేచాడు. చెట్టు కింద తాబేలులా ఉన్న మిషన్‌ను తిరగేసి, దాని పొట్టలో ఇరుక్కున్న జామకాయను పీకాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. సహస్ర మాత్రం ముద్ద మీద ముద్ద తింటూనే ఉంది.

ఆమె పక్కనే ఒక నోటుబుక్కు ఉంది. అందులో శనివారం పేజీలో ఇలా రాసి ఉంది: "ఈరోజు మా రోబో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడా ఆగకుండా గడ్డి కోసింది. మా ఇంట్లో ఎవరికీ ఏ పనీ లేదు."

ఆ కథేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సహస్ర వాళ్ల నాన్న సదానందం ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. రోజంతా నల్లటి దుమ్ములో తిరిగే మనిషికి, ఇంటికి రాగానే పచ్చగా ఏదైనా కనిపించాలని కోరిక. కంపెనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ అది తీరలేదు. గోదావరిఖని చివర సొంత ఇల్లు కట్టుకోగానే వాకిట్లో గడ్డి వేయించాడు. అక్కడ వంకాయ, టమాటా పెడదామన్న తాత మాట ఎవరూ వినలేదు. పైగా ఆ గడ్డి కోసే పని మాత్రం, బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరైన తాతకే పడింది. ఆయన ఆదివారం ఆదివారం పీట వేసుకుని కొడవలితో కోసేవాడు.

ఒకరోజు సదానందం ఫోన్లో ఒక వీడియో చూశాడు. అందులో ఒకాయన కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంటే, గడ్డి కోసే రోబో తనంతట తానే వాకిలంతా తిరుగుతోంది. అంతే, మనసు పారేసుకున్నాడు. రోబో కొన్నాడు, దాంతోపాటు అలాంటి కుర్చీ కూడా కొన్నాడు. నెల రోజులైంది. ఆ కుర్చీలో ఇంతవరకు ఎవరికీ కూర్చునే తీరిక దొరకలేదు.

రోబో వచ్చిన రోజు నాయనమ్మ ఐలవ్వ దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. రోబో బయల్దేరిన అరనిమిషానికే ఆ కొబ్బరి చిప్ప ముక్క మీదికెక్కి ఆగిపోయింది. ఆ రోజే నాయనమ్మ దానికి తాబేలు అని పేరు పెట్టింది. సహస్రకు మాత్రం అది ప్రాణం. ఫోన్లో దానికి టైములు పెట్టింది కూడా ఆమే. పొద్దున ఏడింటికి ఫస్టు షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి సెకండు షిఫ్టు. మా ఇంట్లో ఇద్దరు డ్యూటీ చేస్తారని బడంతా చెప్పుకుంది.

ఇంతలో ఆరో తరగతి జమున టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఇంట్లో ఉన్న ఒక మిషన్‌ను సోమవారం నుంచి ఆదివారం దాకా రోజూ చూడాలి. అది నిజంగా పని తగ్గించిందా లేదా అని ఏ రోజుది ఆ రోజు రాయాలి. అందరూ మిక్సీ అన్నారు, వాషింగ్ మిషన్ అన్నారు. సహస్ర రోబో అనగానే క్లాసంతా ఆమె వైపు తిరిగింది.

ఏడు రోజులు చూడటమంటే మాటలా? సాయంత్రం ఆడుకోవద్దా? సహస్ర సోమవారం సాయంత్రమే కూర్చుని అరగంటలో ఏడు రోజులూ రాసేసింది. మంగళవారం "బాగా కోసింది". బుధవారం "ఎండ బాగా కాసింది, చాలా బాగా కోసింది". గురువారం "చాలా చాలా బాగా కోసింది". శుక్రవారానికి మాటలు అయిపోయి "అద్భుతం" అని పెట్టింది. ఆదివారం కూడా కోయించేసి, నోటుబుక్కు మూసి ఆటకు పరుగెత్తింది. గురువారం ఆ రోజు దాకా ఉన్న పేజీలు క్లాసులో చదివి వినిపించి చప్పట్లు కూడా కొట్టించుకుంది.

సరే, మళ్లీ శనివారానికి వద్దాం. సహస్ర చేయి కడుక్కుంటుండగా జూహీ వచ్చింది. క్లాసులో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఎప్పుడూ గేటు దగ్గరే మాటలు మొదలుపెట్టే పిల్ల, ఈరోజు వచ్చి వరండా మెట్టు మీద మౌనంగా కూర్చుంది. ఏమైందని రెండుసార్లు అడిగితే గానీ చెప్పలేదు.

"మా అబ్బా గూడ గీ మిషన్ కొంటడట. రేపు పొద్దుగాల్నే కరీంనగర్ పోతుండు."

"మంచిదే గదా?"

"అది కొంటే నా సైకిల్ వచ్చే ఏడాదికేనట."

జూహీ వాళ్ల నాన్న అలీముద్దీన్ మోటార్లు రిపేరు చేస్తాడు. మొన్ననే కొత్త ఇంటి ముందు గడ్డి వేయించాడు. వంగి కోద్దామంటే నడుము నొప్పి. సహస్ర క్లాసులో చదివినదంతా జూహీ ఇంట్లో చెప్పింది. సర్దార్ రాయమల్లు మనుమరాలు కళ్లారా చూసి రాసిందంటే ఇక దుకాణం వాళ్లను అడిగే పనేముందని ఆయన అన్నాడట. అయినా చివరగా ఒకసారి ఆ నోటుబుక్కు వినిపోదామని సాయంత్రం ఐదింటికి వస్తాడట. సైకిల్ కోసం జూహీ ఏడాదిగా ఎదురుచూస్తోంది. బడికి రెండు కిలోమీటర్లు నడుస్తోంది.

"మిషన్ మంచిదే అయితే ఇగ ఏం చేస్తం" అని జూహీ లేచి వెళ్లిపోయింది. ఆమె కోప్పడి ఉంటే సహస్రకు కొంచెం నయంగా ఉండేది.

వెనక్కి తిరిగేసరికి తాత కళ్లద్దాలు పెట్టుకుని నోటుబుక్కు చదువుతున్నాడు. సహస్రకు దొంగకు తేలు కుట్టినట్టయింది.

"బుధవారం ఎండ కొట్టిందా బిడ్డా?" అన్నాడు తాత. "మరి నేను వానల మిషన్ మీద గొడుగు వట్టుకొని గంటసేపు నిలవడ్డది ఎందుకు?"

తాత పేజీ తిప్పాడు. శనివారం చదివాడు. జామచెట్టు వైపు చూశాడు. అక్కడ మళ్లీ పీక్, పీక్ మొదలైంది. ఇంకో పేజీ తిప్పాడు.

"రేపటి డ్యూటీ గూడ అయిపోయిందా? మంచి పనిమంతుడే."

సహస్రకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏడుపే ముందు బయటపడింది. అలీముద్దీన్ చాచా తన రాత నమ్మి కొంటున్నాడనీ, జూహీ సైకిల్ పోతుందనీ వెక్కుతూ చెప్పింది. తాత తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సర్దార్ డ్యూటీ ఏందో ఎరికేనా? బాయిల షిఫ్టోళ్లు పనికి దిగకముందే లోపలికి పోవాలె. పైకప్పును కట్టెతోని కొట్టి మోత వినాలె. మంచిగుంటే చాక్‌పీసుతోని తారీఖు ఏసి సంతకం పెట్టాలె. అది చూసినంకనే మనుషులు ఆ కప్పు కింద నిలవడుతరు."

"నువ్వు ఎప్పుడన్న చూడకుంట పెట్టినవా తాతా?"

"ఒక్కసారి పెడుదామనుకున్న. కాళ్లు గుంజుతున్నయి, ఆఖరి మూలకు పోబుద్ధి కాలె. నిన్న మంచిగనే ఉండె గదా అనుకున్న." తాత నోటుబుక్కు మూశాడు. "చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి లేవలె బిడ్డా. ఆ మూలకు నడిచిపోయి చూసినంకనే లేచింది."

సహస్ర ముక్కు తుడుచుకుని, గోడ గడియారం తెచ్చి వరండా మెట్టు మీద పెట్టింది. నోటుబుక్కులో కొత్త పేజీ తీసింది. రెండు గంటలకు సెకండు షిఫ్టు మొదలైంది. సహస్ర మొదటిసారి తన రోబోను నిజంగా చూడటం మొదలుపెట్టింది.

రెండూ పది: జామకాయ. తాత తీశాడు.

రెండున్నర: బట్టల తీగ మీంచి నాన్న సాక్సు గడ్డిలో పడింది. సగం సాక్సు దొరికింది.

మూడు: చక్రాలకు పట్టిన బొగ్గుమసిని అమ్మ తడిగుడ్డతో తుడిచింది. రోజూ తుడుస్తుందట.

మూడుంబావు నుంచి మూడూ యాభై దాకా: చాలా చక్కగా కోసింది. చప్పుడు లేదు, పొగ లేదు. కోసినంత మేరా గడ్డి చాప పరిచినట్టుంది. గోడ పక్కన మాత్రం వదిలేసింది. అక్కడ తాత కొడవలితో కోశాడు.

నాలుగింటికి గనిలో బ్లాస్టింగ్ జరిగింది. రోజూ జరిగేదే. కిటికీలు గజగజమన్నాయి, వంటింట్లో గిన్నెలు కదిలాయి, ఎవరూ తలెత్తి చూడలేదు. కానీ తాబేలు బెదిరింది. ఎవరో తనను ఎత్తుకుపోతున్నారనుకుని టక్కున ఆగి, నాలుగంకెల నంబరు చెబితేనే కదులుతానని మొండికేసింది. ఆ నంబరు ఒక్క సదానందానికే తెలుసు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి అప్పుడే నిద్రపోయాడు. సహస్ర తట్టి లేపితే కళ్లు తెరవకుండానే ఒక నంబరు చెప్పాడు. అది ఆయన డంపర్ నంబరు. తాబేలు ఒప్పుకోలేదు. రెండోసారి లేపాక గానీ అసలు నంబరు బయటికి రాలేదు. ఇది రోజూ ఇంతేనని, తన నిద్ర పోయి నెలయిందని సదానందం ఆవులిస్తూ అన్నాడు. సహస్ర అదీ రాసుకుంది.

సరిగ్గా ఐదింటికి అలీముద్దీన్, జూహీ వచ్చారు. సదానందం ఆయన్ని కొత్త కుర్చీలో కూర్చోబెట్టి తాబేలును తెగ పొగిడాడు. తన బిడ్డ అంతా రాసిందని, వినమని అన్నాడు. సహస్ర నోటుబుక్కు తీసుకుని లేచింది. నాన్న పరువు పోతుందేమో, చాచా తనను అబద్ధాలకోరు అంటాడేమోనని భయం. అయినా మొదలుపెట్టింది.

"సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను చూడలె చాచా. చూడకుంటనే రాసిన. క్లాసుల చదివింది గూడ అబద్ధమే. ఇయ్యాల మధ్యాహ్నం రెండింటి నుంచి చూసిన. అదొక్కటే చదువుత."

సదానందం ముఖం మాడింది. సహస్ర చదువుకుంటూ పోయింది. సగం సాక్సు దగ్గర నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. డంపర్ నంబరు దగ్గరికి వచ్చేసరికి సదానందమే ఆపుకోలేక నవ్వాడు. చక్కగా కోసిన ముప్పై అయిదు నిమిషాలను కూడా సహస్ర వదలకుండా చదివింది. అప్పుడు అలీముద్దీన్ తల ఊపాడు.

"అబద్ధం రాసినవు, అది మంచిగ లేదు బేటీ" అన్నాడాయన. "కానీ నా ముంగట్నే చెప్పినవు. ఇప్పుడు చెప్పు. నేను కొనాల్నా, వద్దా?"

జూహీ తండ్రి వెనక నిలబడి రెండు చేతులూ జోడించింది. వద్దు అను, వద్దు అను అని కళ్లతోనే బతిమాలింది. ఆ మాట సహస్ర నాలుక చివరిదాకా వచ్చింది. వద్దంటే సరిపోయేది. కానీ వాళ్ల వాకిలి తను ఎన్నడూ సరిగ్గా చూడలేదు.

"మీ వాకిలి చూడలె చాచా. చూసి చెప్త."

చెప్పులేసుకుని వాళ్లతోనే బయల్దేరింది. రెండు వీధుల అవతల ఇల్లు. అక్కడ చెట్టు లేదు, జామకాయలు లేవు. గడ్డి నున్నగా, చదునుగా ఉంది. ఇక్కడ తాబేలు తమ ఇంట్లోకన్నా బాగా నడుస్తుందని సహస్రకు చూడగానే అర్థమైంది. ఆ మాటే చెప్పింది. జూహీ ముఖం వాడిపోయింది. సహస్ర ఆమె వైపు చూడలేకపోయింది.

అలీముద్దీన్ గడ్డం గోక్కున్నాడు. నడుము నొప్పి నిజమే గానీ, జాగా చిన్నదైతే ఇంత మిషన్ ఎందుకన్నది ఆయన అనుమానం. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. సహస్ర ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలి. ఇరవై అడుగులు దాటితే మిషన్. దాటకపోతే సైకిల్, గడ్డి సంగతి కొడవలి చూసుకుంటుంది.

సహస్ర గోడకు మడమ ఆనించి నడక మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదిహేను దాటాక వాళ్ల ఎర్రకోడి కాళ్లకు అడ్డంపడింది. సహస్ర తూలి, ఆగింది. పదహారా? పదిహేడా? ఎదుటి గోడ ఇంకా కొంచెం దూరంలో ఉంది.

"పదహారే, పదహారే. ఇగ నడువు" అంది జూహీ.

పదహారే అయి ఉండొచ్చు. అలీముద్దీన్ చూపు కోడి మీద ఉంది. ఆయన లెక్కపెట్టలేదు. ఎవరూ లెక్కపెట్టలేదు. సహస్ర జూహీ వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగింది. మొదటి గోడ దగ్గరికి వెళ్లి మడమ ఆనించి, మళ్లీ ఒకటి నుంచి నడవడం మొదలుపెట్టింది.

ఈసారి కోడిని జూహీ చంకలో పెట్టుకుంది. సహస్ర ప్రతి అడుగూ అందరికీ వినపడేలా పైకి లెక్కపెట్టింది. పద్దెనిమిది దగ్గర బొటనవేలు ఎదుటి గోడకు తగిలింది. జూహీ కోడిని వదిలేసి గంతులేసింది. కోడి అరుస్తూ గోడెక్కింది. సహస్ర ముందు నోటుబుక్కు తెరిచి పద్దెనిమిది అని రాసింది. ఆ తర్వాతే తనూ గంతులేసింది.