మసకలో పెళ్ళికూతురు

"ఆ లైటు ఆపండి! నా పెళ్ళికూతురు కరిగిపోతంది!"

హేమశ్రీ అరుపుకి గదిలో ఆడాళ్ళంతా తిరిగి చూశారు. వీడియో తీస్తున్న కిషోర్ మాత్రం కంటి దగ్గర్నించి కెమెరా తియ్యలేదు. ఆ కెమెరా తలకిందులుగా ఉంది. దాని మూతికి ఓ నల్లటి గొట్టం, గొట్టం చివర పాత ఫొటో కెమెరా లెన్సు.

"ఒక్క నిమిషం మేడమ్."

"మీ నిమిషాలకి నా ఫౌండేషనంతా మెడ మీదకి జారిపోయింది. అసలా కెమెరా తిరగేసి పట్టుకున్నారేటి?"

"గొట్టంలో బొమ్మ తలకిందులుగా పడతాదండీ. కెమెరా కూడా తిరగేస్తే సరిపోతాది."

వాదించే ఓపిక కూడా లేదు హేమశ్రీకి. చోడవరంలో బ్యూటీ పార్లర్ పెట్టిన దగ్గర్నించీ ఇంత పెళ్ళిళ్ళ సీజన్ చూడలేదు. నిన్న చీడికాడ, మొన్న మాడుగుల, ఇవాళ వడ్డాది. తెల్లారకుండానే లేచి ఊరూరా జడలు వెయ్యడం, మళ్ళీ బస్సులో నిలబడి రావడం. కాళ్ళు తన కాళ్ళలా లేవు. ఈ దుర్గాదేవి పెళ్ళి అయిపోగానే పార్లర్ మూసేసి, గాజువాకలో పిన్ని చూసిన ఉద్యోగంలో చేరిపోదామనుకుంటోంది.

కిషోర్‌కీ అవే పెళ్ళిళ్ళు, అవే బస్సులు. ఓసారి ఆమె పక్కనే నిలబడి, కెమెరా బ్యాగు గుండెకి హత్తుకుని చెప్పాడు.

"వీడియోలో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయండీ. పెళ్ళికూతురూ, ఎనక గోడ మీద కేలండరూ, మడత కుర్చీలూ. అదే ఫొటోలో అయితే మొహం తేటగా ఉండి, ఎనకదంతా పొగమంచులా అయిపోద్ది. వీడియోలో అలా తేవాలని నా ఆశ."

గొట్టం సొంతంగా చేసుకున్నాడు. ఫొటో లెన్సు తెచ్చిన బొమ్మ గొట్టంలోని గరుకు గాజు మీద పడుతుంది. వీడియో కెమెరా ఆ గాజుని తీస్తుంది. కాకపోతే ఆ గాజు వెలుగంతా తినేస్తుంది. అందుకే ఆ మండిపోయే లైట్లు.

పెళ్ళయిన వారానికి దుర్గాదేవి కబురు పెట్టింది, కేసెట్ వచ్చింది, చూద్దువుగాని రమ్మని. ఎలాగూ వెళ్ళిపోతున్నాను కదా, చెప్పి వద్దామని వెళ్ళింది హేమశ్రీ.

టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. వీసీఆర్ పక్కన కిషోర్.

తెర మీద ఆ గది కనిపించింది. బీరువా, గోడ, చుట్టాలు, అన్నీ మెత్తటి రంగుల్లా కరిగిపోయి ఉన్నాయి. "సినిమాలాగుందర్రా!" అన్నారెవరో.

పెళ్ళికూతురు కూడా కరిగిపోయి ఉంది. ఎర్రటి మసకలా.

తేటగా ఉన్నది హేమశ్రీ. పళ్ళ మధ్య పిన్నులు, నుదుటి మీద చెమట. జడ బిగించి, మోచేత్తో మొహం తుడుచుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. కెమెరా అక్కడే ఆగిపోయింది.

"ఒసే దుర్గా," అంది నాయనమ్మ అప్పలనరసమ్మ, "పెళ్ళి నీదా, ఈ జడలేసే గుంటదా?"

గదంతా గొల్లున నవ్వింది.

"తాళి కట్టినప్పుడు గొట్టం ఊడదీసే వీడియో తీసేనమ్మా! అదంతా తేటగా వచ్చింది!" అన్నాడు కిషోర్, వీసీఆర్ ఆపబోతూ.

హేమశ్రీ లేచి వీధిలోకి వచ్చేసింది. వెనకాలే అతనూ.

"నలుగుర్లో నవ్వులపాలు చేసేరు నన్ను."

"తప్పయిపోయింది. లెన్సు మీద రింగు కొంచెం తిప్పితే దుర్గ గారు తేటగా వచ్చేవోరు. తిప్పుదామనే అనుకున్నాను."

"మరి?"

"మీరు కళ్ళు మూసుకున్నారు. చెయ్యి రాలేదండీ."

హేమశ్రీకి కోపం తెచ్చుకోడానికి కూడా శక్తి సరిపోలేదు. "అంత అలిసిపోయినట్టు కనిపిస్తన్నానా?"

"సీజనంతా కనిపిస్తన్నారు. బస్సులో సీటు దొరికితే బావుణ్ణు ఈ పిల్లకి అనుకుంటాను రోజూ. అంతకుమించి సెప్పడానికి ధైర్యం చాల్లేదు. మీరు గాజువాక ఎల్లిపోతన్నారని తెలిసేక..."



అప్పలనరసమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఒరే బాబూ, మా గుంటని ఎలాగూ సరిగా తియ్యలేదు. ఈ గుంటనైనా సరిగా అడుగు!"

హేమశ్రీకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

"పిన్నికి ఇంకా వస్తానని సెప్పలేదు," అంది నేల చూస్తూ. "రేపు సాయంత్రం మా అమ్మతో మాట్లాడండి."

"గొట్టం కూడా తెచ్చి ఆవిడకి సూపిస్తాను..."

"ఆ లైట్లతో మా అమ్మ కూడా కరిగిపోద్ది. ఉత్తి చేతుల్తో రండి."

తిరుగు బస్సులో ఆ రోజు ఇద్దరికీ సీటు దొరికింది. చెప్పుకోవలసినవి చాలానే ఉన్నాయి. కానీ ఊరు దాటక ముందే ఆమె తల అతని భుజం మీదకి వాలింది. కదిలితే లేస్తుందేమోనని కదలకుండా కూర్చున్న అతనికీ నిద్ర పట్టేసింది.

"లెగండి బాబూ, అనకాపల్లి వచ్చేసింది!" కండక్టర్ తట్టి లేపాడు.

దిగాల్సిన చోడవరం ఎప్పుడో దాటిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వుకుంటూ దిగి, మళ్ళీ చోడవరం బస్సు కోసం నిలబడ్డారు.