చల్లారని టైరు

మా ఆవిడ కారు షెడ్డులో కదలకుండా పడి ఉన్నా, రోజూ సాయంత్రం దాని టైర్లు చూడనిదే నాకు తోచదు. టైర్ల కొట్టువాణ్ణి, చెయ్యి ఊరుకోదు. పైగా అవి రన్ ఫ్లాట్ టైర్లు. పక్కలు గట్టిగా ఉంటాయి కాబట్టి గాలి పోయినా కూలబడవు, కంటికి నిండుగానే కనిపిస్తాయి. అందుకే ముందు గాలి కొలిచే గేజీ పెడతాను. తర్వాత అరచేత్తో పక్కలు తడుముతాను. గాలి లేకుండా పరుగెత్తిన టైరు కాలిపోతూ ఉంటుంది. "నా నుదురు ఎప్పుడైనా అలా పట్టుకు చూశారా?" అని దెప్పేది మా ఆవిడ, జ్వరం వచ్చినప్పుడల్లా.

ఆమె పోయి నెలైంది. ఆ రోజు దారిలో టైరు గాలి లైటు వెలిగిందని ఫోన్ చేసింది. "అక్కడే ఆగు, నేనొస్తా" అన్నాను. "ఎందుకండీ, ఎనభై దాటకపోతే ఈ టైర్లకేం కాదన్నారుగా, మెల్లగా వచ్చేస్తా. పాప ఎదురుచూస్తూ ఉంటుంది" అంది. వెనక కుడి టైరు ఓపికున్నంత దూరం తెచ్చింది. పాల ఫ్యాక్టరీ మలుపులో చీలిపోయింది. ఆమె దిగి చూస్తుంటే పొగమంచులో లారీ వచ్చింది. కారుకి గీతైనా పడలేదు. నేనే కొత్త టైరు వేసి ఇంటికి తెచ్చుకున్నాను.

మూడు రోజుల కిందట సాయంత్రం ఆ కొత్త టైరు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాను. చుర్రుమంది.

గేజీ పెట్టి చూస్తే గాలి సరిగ్గానే ఉంది. అది ఎండ తగిలే చోటూ కాదు. మర్నాడూ అంతే. నిన్నైతే రబ్బరు మాడిన వాసన కూడా వచ్చింది. మిగతా మూడూ చల్లగా ఉన్నాయి... అప్పుడర్థమైంది. ఆమె ఇంకా వస్తూనే ఉంది. ఆ మలుపు దాకా వచ్చి, ఇల్లు చేరలేక, మళ్ళీ మొదటి నుంచి... రోజూ. పాపం పిచ్చిది, ఎంత అలిసిపోయిందో! షెడ్డులోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇవాళ పాపను మా అమ్మకు అప్పగించి కారు తీశాను. మలుపు చేరేసరికి మసక చీకటి పడింది. పొగమంచు కమ్ముకుంది. ఎక్కడినుంచో పాలు విరిగిన వాసన వస్తోంది. పక్క తలుపు తీసి పట్టుకున్నాను.

"రా... ఇంటికెళ్దాం" అన్నాను.

చడీ చప్పుడూ లేదు. తలుపు వేసి బయల్దేరాను.

కీక్... కీక్... కీక్...

పక్క సీటు వాళ్ళు బెల్టు పెట్టుకోలేదని కారు మొత్తుకుంటోంది. అటు చూసే ధైర్యం లేదు.

"బెల్టు..." అన్నాను గుసగుసగా.

టక్.

మోత ఆగింది.

భయమో, సంతోషమో... రెండూనో. దారంతా ఏడుస్తూనే కబుర్లు చెప్పాను. పాపకి ముందు పన్ను ఊడిందని, సరిగ్గా తినడం లేదని, నీ చీర పట్టుకుని పడుకుంటోందని. ఎనభై దాటలేదు.

గేటు ముందు ఆపి దిగాను. పాప వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నెల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను.

"నాన్నా, ఎక్కడికెళ్ళావ్? అమ్మ వచ్చేసింది! నువ్వెళ్ళగానే వచ్చింది. నాకు జడ వేస్తోంది."

జడ సగం దాకా అల్లి ఉంది.

"నానమ్మ ఏదీ?"

"పడుకుంది. లేపొద్దంది అమ్మ."

పాప చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వెనకాల కారు తలుపు తెరుచుకుంది.

"ఏమండీ..." మా ఆవిడ గొంతే. వణుకుతోంది. "ఎవరండీ... మనింట్లో?"

లోపల్నుంచీ అదే గొంతు వినిపించింది.

"జడ పూర్తి కాలేదు... రా తల్లీ."

పాప నా చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తింది.