తుపాకీ చివర తెల్ల పూస

రేలీన్ హాచర్ మా కొట్టుకు మొదటిసారి వచ్చినప్పుడు వెంట మూడు తెచ్చింది. ఒక పెద్ద తుపాకీ, కమిలిన భుజం, నా మీద కోపం.

తుపాకీని బల్ల మీద పెట్టి, "దీన్ని అమ్మిన మహానుభావుడు మీరేనా?" అంది.

చూశాను. మా సరుకే. గొట్టంలో నా బొటనవేలు పట్టేంత లావు లీవర్ రైఫిల్.

"నేనే మేడమ్. కానీ నాలుగేళ్ళ కిందట క్లీట్ హాచర్ గారికి అమ్మాను, మీకు కాదు."

"క్లీట్ మా బాబాయి. పందుల్ని కొట్టుకోమని ఇచ్చాడు. ఒక్కసారి పేల్చాను. పంది నిలబడే ఉంది, నేను పడ్డాను. ఆ పంది నావైపు జాలిగా చూసింది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. నవ్వితే పోయేది బేరం ఒక్కటే అయితే నవ్వేసేవాణ్ణే. వర్షంలో తడిసి, ముక్కు మీద నీటిబొట్టుతో పోట్లాడుతున్న మనిషిని ఇంకాసేపు చూడాలనిపించింది.

నా పేరు వెల్డన్ పర్సెల్. తూర్పు టెక్సస్‌లో, దేవదారు అడవుల మధ్య, దాణా, మేకులు, తుపాకులు అమ్మే కొట్టు మాది. నాన్న పోయాక పదకొండేళ్ళుగా నేనే నడుపుతున్నాను. ఎవరు లోపలికి వచ్చినా వాళ్ళకేం కావాలో, వాళ్ళు ఏం అడుగుతారో, రెండింటికీ మధ్య ఎంత దూరముందో కొలవడం నా అలవాటు.

"అసలు ఎందుకు కావాలి తుపాకీ?"

"మా చిలగడదుంప చేను. రాత్రికి పదిహేను పందులు దిగుతున్నాయి. తెల్లారేసరికి నాగలి వేసినట్టు ఉంటోంది. మా తాత ఒక షరతు పెట్టాడు. చేనుని నేను కాచుకోగలనని ఈ నవంబరు వేటలో చూపిస్తే చేను నాది. చూపించలేకపోతే బాబాయికి వెళ్తుంది. ఆయన గడ్డి వేసుకుంటాడు."

"మీ నాన్నగారు..."

"పోయి రెండేళ్ళు. ఆ చేనులో ఆయన దుంప తప్ప ఇంకోటి వెయ్యలేదు."

ఆమె గొంతు అక్కడ కొంచెం తగ్గింది. నేను ముక్కు మీది నీటిబొట్టుని చూడడం మానేశాను.

"మీ చేను దగ్గర ఎంత దూరం కనిపిస్తుంది?"

"చుట్టూ పొదలే. వంద అంగలు దాటితే ఏమీ కనబడదు."

"మరి ఈ ఫిరంగి ఎందుకు? ఎలుగుబంట్లు ఏమన్నా దుంపలు తింటున్నాయా?"

మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుకి నేను వెల కట్టలేదు. కట్టి ఉంటే ఆ రోజు కొట్టు మూసేసేవాణ్ణి.

మూడు తుపాకులు తీశాను. ఒక్కొక్కటీ తెరిచి, ఖాళీగా ఉందని ఆమెకి చూపించి బల్ల మీద పెట్టాను.

"ఇది కొత్తది, మెరుస్తుంది, నాకు ఎక్కువ మిగులుతుంది. కానీ బరువు. గంటసేపు మోస్తే నన్ను తిడతారు. ఇది బాగా తేలిక, తన్నదు. జింకకి సరే, పెద్ద మగపందికి చాలుతుందని నేను మాటివ్వలేను. ఈ మూడోది పాతది. థర్టీ-థర్టీ తూటా పట్టేది. ఇక్కడ సగం ఇళ్ళల్లో తలుపు వెనక ఉండేది ఇదే. జింకకీ పందికీ సరిపోతుంది. భుజాన్ని తోస్తుంది, కొట్టదు. మీరు ఏ చేత్తో రాస్తారు?"

"ఎడమ. ఎందుకు?"

"మిగతా తుపాకులు చాలావరకు కుడిచేతి వాళ్ళ కోసం. దీనికి తూటా ఎక్కించే లీవర్ కింద ఉంటుంది కాబట్టి ఏ చెయ్యైనా ఒకటే. పందులు గుంపుగా వస్తాయి. రెండో గుండు త్వరగా పడాలి. కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తండి."

"కళ్ళు మూసుకునా?"

"మూసుకుని, ఆ గోడ మీది జింక తల వైపు. ఇప్పుడు తెరవండి. వెనక గాడిలో, గొట్టం చివర గురి చూసే పూస కనిపిస్తోందా?"

మొదటి దానితో వెతుక్కుంది. రెండో దానితో తల వంచింది. పాత థర్టీ-థర్టీ ఎత్తి కళ్ళు తెరిచి, కదలకుండా ఉండిపోయింది.

"ఉంది. సరిగ్గా మధ్యలో. కానీ పూస నల్లగా ఉంది. తెల్లవారుజామున నాకు ఆనదు."

"తెల్ల పూస తెప్పించి వేస్తాను."

ప్రభుత్వ ఫారం నింపుతూ హఠాత్తుగా తలెత్తింది. "ఇందులో బరువు గడి ఉంది."

"ఉంటుంది మేడమ్."

"మీరు చదువుతారా?"

"చదవాలి. నా పని."

"అయితే ఆ మేడమ్ మానెయ్యండి. నా బరువు తెలిసిన మగవాడు నన్ను మేడమ్ అనకూడదు. రేలీన్ అనండి."

ఆ నెలంతా ఆమె ఏదో ఒక పని మీద వచ్చింది. తూటాలు. పట్టీ. తుడిచే నూనె. పశువులు నాకే ఉప్పుగడ్డలు. వచ్చినప్పుడల్లా పెరట్లోని గురి దిబ్బ దగ్గర ఒక డజను తూటాలు కాల్చి వెళ్ళేది. ఆమెకి మంచి చెయ్యి ఉంది. ఊపిరి సగం వదిలి, నిలబడిపోతుంది. వెనక నుంచి చూస్తున్న నాకు మాత్రం ఊపిరి ఎప్పుడు వదలాలో తెలిసేది కాదు.

తెల్ల పూస మాత్రం రాలేదు, అది వచ్చేదాకా తుపాకీ మా కొట్టులోనే ఉంది. చివరికి జింకల వేట మొదలయ్యే శనివారానికి ముందు రోజు సాయంత్రం వచ్చింది. ఆ శుక్రవారం జిల్లా మొత్తం నా కొట్టులోనే ఉంది. రేలీన్ తడిసిన జుట్టుతో బల్లకి ఆనుకుని, "మీరు పూస వేస్తున్నంతసేపూ పెదవి కొరుక్కుంటారు, తెలుసా?" అంది. ఆ తర్వాత నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. పూస మాత్రం నిటారుగా వేశాను.

"దిబ్బ మీద కొట్టి చూశారా?" అని అడిగింది.

"కొట్టి చూడకుండా మా కొట్టులోంచి తుపాకీ బయటికి పోదు," అన్నాను.

నిజమే. బుధవారం కొట్టి చూశాను. పాత నల్ల పూసతో.

ఆ సంగతి శనివారం పొద్దున పదింటికి, బల్ల తుడుస్తుంటే తెలిసింది. పాత పూస అక్కడే పడి ఉంది. కొత్త పూసల పెట్టెలో మిగిలిన రెండోదాన్ని దాని పక్కన పెట్టాను. కొత్తది ఎత్తు ఎక్కువ, ఒక డైమ్ నాణెం మందమంత. గొట్టం చివర అంత తేడా ఉంటే డెబ్భై అంగల దూరంలో గుండు జానెడు కిందికి పోతుంది. అంటే జింక పొట్ట కింద గడ్డిలోకి.

ఫోన్ చేశాను. వాళ్ళ చేను దగ్గర ఫోన్ పలకదు.

లెక్క వేశాను. నోరు మూసుకుంటే నాకు పోయేది ఏమీ లేదు. మొదటి వేట, గురి తప్పింది అనుకుంటారు. సోమవారం తుపాకీ తుడిచినట్టు నటించి, పూస సర్ది ఇచ్చేయొచ్చు. వెళ్ళి చెబితే, అక్కడున్న మగవాళ్ళందరూ నా దగ్గరే కొంటారు, కొట్టి చూడని తుపాకీ అమ్మాడని ఆదివారం చర్చి విడిచేలోపు ఊరంతా చెప్పేస్తారు. ఏ తక్కెడలో పెట్టినా చెప్పకపోవడమే లాభం.

తలుపు మీద 'మూసి ఉంది' పలక తగిలించి, వర్షంలోనే నలభై మైళ్ళు బండి నడిపాను.

హాచర్ల వేట షెడ్డులోకి అడుగుపెట్టేసరికి క్లీట్ చేతిలో కత్తెర ఉంది. వెనక గోడ నిండా మేకులు, మేకులకి చొక్కాల అంచులు, వాటి మీద పేర్లూ తేదీలూ. జింక మీద గురి తప్పినవాళ్ళ చొక్కా అంచు కత్తిరించి గోడకి కొట్టడం ఇక్కడి ప్రతి షెడ్డులోనూ మామూలే. మామూలుగా అయితే అందరూ నవ్వుతారు. ఇక్కడ ఎవరూ నవ్వడంలేదు. రేలీన్ వీపు తిప్పి, తిన్నగా నిలబడి ఉంది. తాత ఆర్విల్ హాచర్ పొయ్యి పక్కన కాఫీ పట్టుకుని నేల చూస్తున్నాడు.

"డెబ్భై అంగల్లో నిలబడ్డ జింక," అంటున్నాడు క్లీట్. "కదల్లేదు కూడా. నిన్ను తిట్టట్లేదమ్మాయ్. రేపు ఇరవై పందులొస్తే ఏం చేస్తావు? చేను నాకిచ్చెయ్, నువ్వు హాయిగా ఉండు."

"ముందు కత్తిరించు బాబాయ్. ఉపన్యాసం తర్వాత."

"ఆగండి," అన్నాను.

అందరూ తిరిగారు. నా టోపీలోంచి నీళ్ళు నా బూట్ల మీదికి కారుతున్నాయి.

"తప్పు ఆమెది కాదు. నాది. ముందు పూస మార్చి మళ్ళీ కొట్టి చూడకుండా ఇచ్చాను. జానెడు కిందికి కొడుతుంది అది. ఆమె గురి పెట్టిన చోటే పెట్టింది."

క్లీట్ కత్తెర దించాడు.

"కొట్టి చూడని తుపాకీ అమ్మావా?" అన్నాడు క్లీట్, మెల్లగా, రుచి చూస్తున్నట్టు. "ఇక నీ దగ్గర ఎవరు కొంటారయ్యా వెల్డన్?"

"తెలీదు. అది సోమవారం చూసుకుంటాను."

ఆర్విల్ లేచి, క్లీట్ చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. నా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మంచి చొక్కా," అన్నాడు.

"కొత్తదండీ."

"పాపం," అని, నడుం దాకా కత్తిరించేశాడు.

అప్పుడు నవ్వారు, క్లీట్‌తో సహా. రేలీన్ నవ్వలేదు. నన్ను బయట వసారాలోకి లాక్కెళ్ళింది.

"నిన్న అడిగాను. కొట్టి చూశారా అని అడిగాను!"

"అడిగావు. నేను అబద్ధం చెప్పలేదు, కానీ నిజమూ చెప్పలేదు. నిన్ను చూస్తూ మర్చిపోయాను. అది సంజాయిషీ కాదు, జరిగింది చెబుతున్నాను."

"మరి ఇంత దూరం రావడం ఎందుకు? సోమవారం నాతో చెబితే సరిపోయేది కదా?"

"నువ్వొక్కదానివే వినేదానివి. నీ గురి తప్పలేదని వీళ్ళు వినాలి."

ఆమె నా వెనక్కి వచ్చింది. వీపున ఎగురుతున్న నా చిరిగిన చొక్కాని పట్టుకుని, ప్యాంటులోకి దోపడానికి చూసింది. దోపడానికి అంచు లేదు.

వాన తగ్గాక తుపాకీ వెనక గాడిని రెండు మెట్లు పైకి లేపాను. డెబ్భై అంగల్లో కాగితం పళ్ళెం కట్టాం. మూడు గుండ్లు కాల్చింది. మూడు చిల్లులనీ నా అరచెయ్యి మూసేసింది. ఆర్విల్ పళ్ళేన్ని విప్పుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం చేను అంచున మంచె ఎక్కాం, ఆమె, నేను. గాలి మావైపు వీస్తోంది. గుసగుసలాడే చోటు.

"ఒకటి అడగనా?" అన్నాను. "ఈ నెలలో నాలుగు ఉప్పుగడ్డలు కొన్నావు. మీకు ఆవులు లేవు."

"జింకలకి."

"జింకలకి ఒకటి చాలు."

"మీరు వ్యాపారి. కొనేవాళ్ళని ఎందుకని అడుగుతారా?"

"ఆశ పెట్టుకోవచ్చో లేదో తెలియాలి కదా."

ఆమె చేనువైపే చూస్తోంది. "మిగతా మూడూ వానకి కరిగిపోతున్నాయి," అంది. "ఐదోది నన్ను కొననివ్వకండి. తిన్నగా అడగండి."

"నువ్వంటే నాకు ఇష్టం రేలీన్. మొదటిరోజు నుంచి."

"పంది," అంది.

"ఏంటి?"

"మాట్లాడకండి. పంది."

పొదల్లోంచి నల్లటి మగపంది, దాని వెనక గుంపు. ఆమె సగం ఊపిరి వదిలింది. ఒకటి పడింది. లీవర్ కిందికీ పైకీ ఆడింది, కళ్ళు చేను మీదే. రెండోదీ పడింది. మిగతావి అడవిలోకి పరిగెత్తాయి. తుపాకీ ఖాళీ చేసి మంచె చెక్కకి ఆనించి, అప్పుడు నా వైపు తిరిగింది. "ఇష్టమే," అంది, "మీరేదో అన్నారుగా, దానికి."

చీకటి పడేముందు షెడ్డులో బల్ల మీద చిల్లీ మాంసం కూర గిన్నె, మొక్కజొన్న రొట్టె. బెంచీల మీద హాచర్లందరూ సర్దుకున్నారు. ఆర్విల్ మాట పొడిగించే మనిషి కాదు. "చేను రేలీన్‌ది," అని గరిటె అందుకున్నాడు. రేలీన్ తలొంచుకుని రొట్టె తుంచుతూనే ఉంది. ఒక్క ముక్కా తినలేదు.

నేను టోపీ తీసుకున్నాను. "వస్తాను పెద్దాయనా."

ఆర్విల్ నన్ను చూడలేదు. రేలీన్ పక్కన కూర్చున్న కొడుకుని చూశాడు. "క్లీట్, జరుగు."

"ఇక్కడ చోటెక్కడుంది నాన్నా? అతనికొక కుర్చీ వేస్తే పోలా?"

"కుర్చీ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి వేస్తాం," అన్నాడు ఆర్విల్.

క్లీట్ జరిగాడు.