దామనాయకుని గండపెండేరము

వైశాఖపు ఎండ నిప్పులు చెరుగుతున్న ఆ ఉదయాన రాచగిరి దుర్గపు బురుజుల మీద నిలిచి చూచినవారికి, కొండ చుట్టూ కనుచూపుమేర శత్రువుల గుడారాలే తప్ప నేల కానరాలేదు. కోటలో ధాన్యం అడుగంటింది, సేన సగమైంది. భర్తను పోగొట్టుకొని, చంటిబిడ్డ తరఫున రాజ్యమేలుతున్న బాచలదేవికి ఆ బిడ్డ ప్రాణమొక్కటే బెంగ.

"దేవీ, బిడ్డను వారికి ఒప్పగించినచో మనలను బ్రతుకనిత్తురు" అన్నాడు మంత్రి కొమ్మనామాత్యుడు. శత్రువు తనకు ఆశ చూపిన పదవి సంగతి మాత్రం కడుపులోనే దాచుకున్నాడు.

అప్పుడు వృద్ధ సేనాపతి దామనాయకుడు ముందుకు వచ్చి, తన కాలి గండపెండేరాన్ని ఊడదీసి సింహాసనం ముందుంచాడు. అలా ఉంచడం బాచలదేవి పెట్టిన కట్టడే. ఒక వేగులవాడి అబద్ధం నమ్మి భర్త శత్రువులు పన్నిన మాటులో పడి మడిసిన నాటినుండి, సింహాసనానికి వార్త విన్నవించేవారు తమ గౌరవచిహ్నాన్ని పణంగా ఉంచాలి. వార్త నిజమైతే అది తిరిగి దక్కుతుంది. అబద్ధమైతే అది పోవడమే కాక, ఆ మనిషి పేరు రాతిమీద చెక్కరాదు, నోట పలుకరాదు.

"మహారాణీ, ఉత్తరపుటడవిలో మన సామంతుల సేన దిగియున్నది. నేను సింహద్వారము తెరచి శత్రువును ఇటు మళ్లించెదను. తాము బిడ్డతో వెనుక దిడ్డివాకిలి గుండా వెడలి వారిని కలిసికొనుడు."

"వార్త నిజమే కదా, దామన్నా?"

"పెండేరము తమ ముందున్నది కదా, తల్లీ!"

అడిగినదానికి అది జవాబు కాదు. ఆమెకు తెలిసిపోయింది. అయినా పెండేరాన్ని కొంగున ముడివేసుకొని, బిడ్డను గుండెకు హత్తుకొని, ఏమీ తెలియనట్టే లేచింది.

అడవిలో సేన లేదు. వెనుదిరిగి చూస్తే కోటమీద పొగ లేస్తోంది. ఆమె నోట కొంగు కుక్కుకొని ఏడ్చింది.

మరుసటి ఏడు పుట్టింటివారి సేనతో ఆమె కోటను తిరిగి గెలిచింది. దామనాయకునికి వీరశిల నిలపాలని సైనికులు వేడుకోగా, ఆమె వెంటే ప్రాణాలతో బయటపడిన కొమ్మనామాత్యుడు సభలో లేచాడు.

"దేవీ, అతడు సింహాసనమునకు అసత్యము విన్నవించినాడు. శత్రువుతో కుమ్మక్కై తమను కోట వెడలించినాడు."

"అమాత్యా, తమ ముద్దుటుంగరము ఇచ్చట ఉంచి ఆ మాట మరల పలుకుడు."

అతని చేయి ఉంగరం దాకా వెళ్లి ఆగిపోయింది. సభ అంతా చూస్తుండగా తల వంచుకొని కూర్చున్నాడు. ఆనాడే అతని పదవి పోయింది.

కానీ అతడన్న మొదటి మాట నిజం. బాచలదేవి ఆ పేరు చివరిసారి పలికింది.

"దామనాయకుడు అసత్యము చెప్పినాడు. శిల నిలుపుడు, పేరు చెక్కకుడు. అసత్యమని ఎరిగియు, నా బిడ్డకొరకు ఆయన ప్రాణమును బలిగొంటిని. అట్టిదానికి నా కట్టడలో శిక్ష లేదు. నేనే విధించుకొనుచున్నాను."

వంగి, ఆ పెండేరాన్ని తన కాలికే తొడుక్కుంది. సైనికులు బావురుమన్నారు.

మగవాని కాలికి చేసిన ఆ బరువు ఆమె చీలమండను ఒరిసి పుండు చేసింది. అయినా తీయలేదు. కొన్నేళ్లకు, పట్టాభిషేకం నాటి ఉదయాన, కొడుకును సింహద్వారం పక్కనున్న పేరులేని శిల దగ్గరకు తీసుకువెళ్లి పూలదండ చేతికిచ్చింది.

"ఇది ఎవరి రాయి, అమ్మా?"

ఆ పేరు పెదవుల దాకా వచ్చింది. ఆమె మింగుకుంది.

"నీకొరకు అబద్ధమాడినవారిది, నాయనా. వేయి" అని, కుంటుకుంటూ పక్కకు జరిగి కొడుక్కి దారిచ్చింది.