రెండు వందల పదకొండు మందికి చెప్పిన మాట

తను మంచిపనే చేస్తున్నానని అతననుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మ్యాపులు గీసే ఆ ఆఫీసుకి అయిదంతస్తులు, రెండు వందల పన్నెండు కంప్యూటర్లు. వాటికి జబ్బు చేస్తే చూసే వైద్యుడు ఇతనొక్కడే. ఎవరేం మొర పెట్టుకున్నా "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అంటాడు కాబట్టి చేరిన వారానికే అందరూ కలిసి రీస్టార్ట్ అని పేరు పెట్టేశారు. అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు.

మూడోవారంలో మ్యాపుల సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒక సర్వీస్ ప్యాచ్, అంటే పాత లోపాలకి అతుకు, వచ్చింది. మనవాడు ఊరుకుంటాడా? బల్ల బల్లకీ తిరిగి, ఒక్క రోజులో పద్నాలుగు మెషీన్లకి స్వయంగా చేత్తో వేసేశాడు. శభాష్‌లు మూటగట్టుకుని, ఈల వేసుకుంటూ మూడో అంతస్తుకి వచ్చేసరికి మెట్ల దగ్గర ఆమె నిలబడి ఉంది.

ఆమె అంటే సర్వర్‌లో ఉండే మాస్టర్ ప్యాకేజీకి, అంటే ఆ సాఫ్ట్‌వేర్ అసలు ప్రతికి, కాపలాదారు. కంపెనీ పంపిన ప్రతి ప్యాచ్‌నీ ముందు ఆ మాస్టర్‌లో కలుపుతుంది. సాయంత్రం జనం కంప్యూటర్లు ఆపుతున్నప్పుడు, అన్నీ దాన్నించే కొత్త సరుకు తీసుకుని మరీ నిద్రపోతాయి. ఆ ఫోల్డర్ తెరిచే హక్కు ఆమె ఒక్కదానిదే గనక ఆమెకి తాళంచెవి అని పేరు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"ఎన్నిటికి వేశారు?" అంది.

"పద్నాలుగండీ," అన్నాడు, ఇంకా గర్వంగానే.

"ఆ పద్నాలుగూ ఇక మాస్టర్ మాట వినవు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రేపట్నించి నేనేం పంపినా తీసుకోవు. అన్నిట్లోంచీ తీసేసి, మొదట్నించీ పెట్టండి."

రెండు రోజుల పని. తల ప్రాణం తోకకొచ్చింది. అయితే రెండోరోజు మధ్యాహ్నం ఆమె తన పని పక్కన పెట్టి వచ్చి, ఎదుటి బల్ల దగ్గర కూర్చుని, పద్నాలుగులో ఏడు తనే బాగుచేసింది. థాంక్సండీ అంటే, తలెత్తకుండానే, తరవాతి మెషీన్ ఏదని అడిగింది.

ఈవిడకి కోపమా, జాలా? అతనికి అర్థం కాలేదు. అయోమయం ఆ రోజు మొదలైంది.

ఎనిమిది నెలలు గడిచాయి గానీ అది మాత్రం తగ్గలేదు. ఒక వానరోజు ఆమె తన గొడుగు అతని చేతిలో పెట్టి, తను ఫైలు నెత్తిన పెట్టుకుని బస్సు దాకా పరుగెత్తింది. ప్రేమే అని అతను రాత్రంతా సంబరపడ్డాడు. తెల్లారి గొడుగు తిరిగిస్తే, తడిది ఎందుకు మడిచారని చీవాట్లు పెట్టింది. ఒకరోజు అతను జ్వరంతో రాకపోతే మూడుసార్లు ఫోను చేసింది. మూడుసార్లూ టెస్ట్ మెషీన్ పాస్‌వర్డే అడిగింది. అది ఆమెకి తెలిసిన పాస్‌వర్డే. ఇందులో ఏది లెక్కలోకి తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో చెప్పే నాథుడు లేడు. అతనికి తెలిసిందల్లా ఒకటే: ఆమె లేని రోజున ఆఫీసు అయిదంతస్తులూ ఖాళీగా ఉన్నట్టుంటుంది.

ఇంతలో నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఆమెకి ప్రమోషన్, పెద్దాఫీసుకి బదిలీ. రైల్లో ఆరుగంటల దూరంలో వేరే ఊరు. సోమవారం ప్రయాణం.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఎలాగైనా చెప్పేయాలని ఆమె బల్ల దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి, నాలుగుసార్లూ స్టేప్లర్ అడిగి తెచ్చుకున్నాడు. నాలుగోసారి ఆమె, మీ దగ్గర ఇప్పటికే మూడున్నాయి కదా అంది.

నోటితో కాని పని రాతతో అవుతుందేమోనని అప్పుడు తోచింది.

ఆ ఆఫీసులో పద్ధతి ఒకటుంది. కొత్త ప్యాకేజీ ఏదైనా ముందు టెస్ట్ మెషీన్ మీద అతను వేసి చూసి, బాగుందని కాగితం మీద సంతకం పెడతాడు. సాయంత్రం నాలుగింటికి ఆమె అదే మెషీన్ ముందు కూర్చుని మళ్ళీ మొదటినుంచీ వేసి చూస్తుంది. తన సంతకాన్నే రెండుసార్లు చూసుకునే మనిషి, ఇంకొకరి సంతకం నమ్ముతుందా? ఆ తరవాతే మాస్టర్‌లోకి ఎక్కిస్తుంది. ప్యాకేజీ వేయడం పూర్తికాగానే తెరమీద ఒక చిన్న కిటికీ వస్తుంది, పని ముగిసిందని. ఆ కిటికీలో మాట మార్చడం అతనికి చిటికెలో పని.

గురువారం వచ్చిన ప్యాచ్ ఆమె చేతి మీదుగా వెళ్ళే ఆఖరి ప్యాచ్. అతను దాని టెస్ట్ కాపీ కిటికీలో ఇలా రాశాడు: "ఇంటికి వెళ్ళేముందు గేటు దగ్గర అయిదు నిమిషాలు ఆగుతారా? మీతో ఒక మాట చెప్పాలి. చాలా రోజుల్నించీ చెప్పాలనుకుంటున్నదే." నాలుగింటికి ఆమె చూస్తుంది, నవ్వుతుందో తిడుతుందో తేలిపోతుంది, ఆనక మాట తీసేసి అసలుది పెడదాం. ఇదీ పథకం. ఉదయమే సంతకం కూడా పెట్టేశాడు.

అయిదింటికి గేటు దగ్గర నిలబడ్డాడు. సన్నగా తుంపర. తల దువ్వుకున్నాడు, తడిసింది, మళ్ళీ దువ్వుకున్నాడు.

మొదట వచ్చింది స్టోర్స్ పెద్దాయన. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఎన్నడూ లేనిది సెంటు పూసుకుని వచ్చి గేటుకి ఆ పక్కన నిలబడ్డాడు. వెనకే నలుగురు డ్రాయింగ్ అమ్మాయిలు, ఒకరిని ఒకరు గిల్లుకుంటూ. వాళ్ళ వెనక క్యాషియర్, ముఖం కందగడ్డ చేసుకుని. తర్వాత రెండో అంతస్తు మొత్తం. పది నిమిషాల్లో గేటు దగ్గర తిరునాళ్ళయింది. జనం గొడుగులు తాకించుకుంటూ, అందరూ అందరి ముఖాలూ చూస్తున్నారు, ఎవరికి ఎవరు ఏం చెబుతారోనని.

అతనికి అప్పుడు విషయం బోధపడింది. కిటికీతో సహా ప్యాకేజీ మాస్టర్‌లోకి ఎక్కిపోయింది. కంప్యూటర్లు ఆపుతున్న ప్రతివాడికీ అతని ప్రేమలేఖ అందింది.

రికార్డుల సెక్షన్ పిన్నిగారు అతని దగ్గరికొచ్చి, నీకూ వచ్చిందా నాయనా అని అడిగింది. ఆవిడ తాళంచెవికి సొంత పిన్ని. ఆఫీసులో అందరికీ కూడా పిన్నిగారే.

"నాకూ వచ్చిందండీ," అన్నాడు. అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికే తెలీదు.

అందరికంటే చివర ఆమె దిగింది. ఏమిటీ గుంపని పిన్నిని అడిగింది. ఆమెకి ఏమీ తెలియదు మరి. మాస్టర్‌ని నడిపేది తన మెషీన్ నుంచే గనక దానికి ఎప్పుడూ మర్నాడు చేత్తోనే వేసుకుంటుంది, మాస్టర్ నుంచి దానికేమీ రాదు. రెండు వందల పదకొండు తెరల మీద వెలిగిన మాట, ఎవరికోసం రాశాడో ఆ ఒక్కరి తెర మీద మాత్రం వెలగలేదు.

పిన్నిగారు చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. ఒక్కసారి అతనివైపు చూసి, వానలోనే వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ చూపులో ఏముందో అతనికి ఎప్పటిలాగే అంతుపట్టలేదు.

శుక్రవారం పదింటికి డైరెక్టర్‌గారు ఆమెని పిలిపించారు. మాస్టర్ తాళం ఆమె దగ్గర, ఎక్కించింది ఆమె, సంజాయిషీ చెప్పాల్సిందీ ఆమే. విచారణ తేలేదాకా బదిలీ ఆపేస్తారట అని పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చెప్పింది. మూడేళ్ళు కష్టపడి తెచ్చుకున్న ప్రమోషన్.

ఇక్కడ దాచడం ఎందుకు, ఆ మాట వినగానే మనవాడికి మొదట కలిగింది సంతోషమే. ఆమె వెళ్ళదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, సోమవారం కూడా ఆ బల్ల దగ్గర ఆమె ఉంటుంది. స్టేప్లర్ అడగొచ్చు. ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి, తలుపు కూడా తట్టకుండా డైరెక్టర్‌గారి గదిలోకి వెళ్ళాడు.

"అది నేను రాసిందండీ. ఆవిడకేమీ తెలీదు. టెస్ట్ కాపీలో రాశాను, తీసేద్దామనుకున్నాను."

డైరెక్టర్‌గారు కళ్ళజోడు తీసి, ఎవరికి రాశావయ్యా అని అడిగారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఇంకా దాచుకోవడానికి ఏం మిగిలిందని?

"ఆవిడకేనండీ. ఆవిడంటే నాకు ఇష్టం. వెళ్ళిపోయేలోపు చెబుదామని."

ఆమె నేలకేసి చూస్తోంది. డైరెక్టర్‌గారు ఆమె వైపు తిరిగి, నాలుగింటికి నువ్వు చూడలేదా అన్నారు.

"బదిలీ కాగితాలకని మీరు మూడింటికి పిలిచారు కదండీ. ఈయన సంతకం ఉంది కదా అని... చూడకుండా ఎక్కించేశాను."

"నా సంతకం ఉన్నా నమ్మవు కదమ్మా నువ్వు," అన్నారాయన.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డైరెక్టర్‌గారు ఒకసారి ఈమెనీ, ఒకసారి అతనినీ చూసి, దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత తీర్పు చెప్పారు. అతనికి మెమో. సాయంత్రంలోగా ఇద్దరూ కూర్చుని ప్యాకేజీ సరిచేయాలి. బదిలీలో మార్పు లేదు.

మధ్యాహ్నమంతా పక్కపక్కనే కూర్చుని పని చేశారు. ఆమె ఫైళ్ళ పేర్లు చదవడం, అతను సరిచూడటం, అంతే. నిన్నటి సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అతనికుంది, ఎత్తుతుందేమోనని భయమూ ఉంది. సాయంత్రం జనం కంప్యూటర్లు ఆపారు. కిటికీలో పని ముగిసిందన్న మామూలు ముక్కే వచ్చింది. స్టోర్స్ పెద్దాయన కొంచెం నిరాశపడ్డాడని తర్వాత తెలిసింది.

ఇద్దరూ మెట్లు దిగేసరికి పిన్నిగారు కాచుకుని ఉంది. సంగతంతా ఆవిడకి అప్పటికే చేరిపోయింది.

"నాకూ వచ్చిందన్నావే నిన్న," అంది అతనితో.

"తప్పయిపోయింది పిన్నిగారూ."

"ఆ అబద్ధం నా దగ్గర ఆడావు, పోనీలే. నిజం మాత్రం చెప్పాల్సిన చోట చెప్పావు. ఆదివారం ఇంటికి రా, మా బావగారితో, అదే, దీని నాన్నతో మాట్లాడుదువుగాని. ఆయన కోపిష్టేమీ కాదు, అడ్డమైన ప్రశ్నలు వేస్తాడంతే." ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కావాలనే తొందరగా నడిచి బస్సుస్టాపు వైపు వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. అతను ఎలాగో నోరు పెగుల్చుకుని, మీరేమంటారండీ అని అడిగాడు.

"సోమవారం ఉదయం ఆరింటికి నా రైలు," అంది ఆమె. "మీరు స్టేషన్‌కి రాకపోతే నేనెక్కను."

అతను మొదట సంతోషించాడు. మరుక్షణం అయోమయంలో పడ్డాడు. వెళ్తే ఆమె వెళ్ళిపోతుంది. వెళ్ళకపోతే ఆగిపోతుంది. మరి ఆమెకి కావలసింది ఏది? పైకే అనేశాడు, "అలాగైతే నేనెందుకు వస్తానండీ?"

ఆమె నవ్వింది. ఎనిమిది నెలల్లో అతను చూసిన మొదటి నవ్వు అది.

"వస్తారు. నన్ను ఆపడానికి ఇవాళ మీరు నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు. ఆపే మనిషి కాదని తెలిసింది కాబట్టే చెబుతున్నాను. రండి. వచ్చి ఎక్కించండి. ఆ తరవాత నెలకి నాలుగు ఆదివారాలున్నాయి, ఆరుగంటల రైలు రెండువైపులా నడుస్తుంది."

ఇంత కాలానికి ఆమె చెప్పినదాంట్లో అతనికి పూర్తిగా అర్థమైన మాట అదే. అందుకే సోమవారం అయిదింటికే స్టేషన్‌లో ఉన్నాడు.