గానుగెద్దు గంట

డెబ్బై నాలుగు ఎండాకాలం. తిరువూరులో మా ఇంటి వెనకే ఏడుకొండలు నూనె గానుగ ఉండేది. మధ్యాహ్నం భోజనం కాగానే అతను ఎద్దు కళ్ళకు గంతలు కట్టి, గానుగ చుట్టూ తిరగడానికి వదిలేసి, బయట అరుగు మీద పడుకునేవాడు. ఎద్దు మెడలో గంట మోగుతున్నంతసేపూ హాయిగా గురకపెట్టేవాడు. గంట ఆగిందా, లేచి వచ్చి దాని మూపు మీది పుండులోనే ములుగర్ర గుచ్చేవాడు.

ఆ పుండు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. అరచేయంత వెడల్పు. లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడేవి. చీము కారి తెలకపిండిలో పడితే, ఆ పిండినే మళ్ళీ ఎద్దుకు పెట్టేవాడు. ఛీ, వాడూ ఒక మనిషేనా!

"ముందు మూడెద్దులూ ఇట్టాగే తిరిగి తిరిగి ఇక్కడే చచ్చాయంట, అబీదక్కా," అన్నాడు మా తమ్ముడు హనీఫ్.

దీన్ని మాత్రం చావనివ్వకూడదనుకున్నాం. పెనుగొలనులో మా అమ్మమ్మ పీర్‌బీ ఉంది. కాలు విరిగిన రెండు కుక్కల్ని, ఒక గాడిదను అప్పటికే దొంగతనంగా ఆమె దొడ్డికి చేర్చాం. ఎక్కడివని ఆమె ఏనాడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఎద్దును గానుగ దూలం నుంచి విడిపించి, దాని గంతలూ గంటా విప్పేశాను. హనీఫ్ దాన్ని వెనక దారిన తోలుకుపోతూ, "ఊరు దాటేదాకా మోగిస్తా ఉండక్కా," అని గుసగుసలాడాడు. గంతలు అక్కడే పడేసి, ఒక చేత్తో గంట ఊపుతూ, గానుగ దూలాన్ని భుజంతో నెట్టుకుంటూ తిరిగాను. ఎంత బరువో!

ఐదో చుట్టుకు దూలం తేలికైంది. ఆరో చుట్టుకు అదే నన్ను లాక్కుపోతోంది. వెనక ఏదో రొప్పుతోంది... తడి ఊపిరి మెడకు తగిలింది. కుళ్ళిన వాసన. ఒక్కటి కాదు. రెండు... మూడు ఊపిరులు.

వెనక్కి చూడకుండా పరిగెత్తాను.

మా దొడ్లోకి వచ్చి చూసుకుంటే గంట నా గుప్పిట్లోనే ఉంది. దాని నాలుకను వేళ్ళతో నొక్కి పట్టుకునే ఉన్నాను. గానుగలో మాత్రం గంట మోగుతూనే ఉంది...

సాయంత్రం ఏడుకొండలు భార్య మాణిక్యమ్మ కేకలకు వీధంతా పోగైంది. అతను కళ్ళకు గంతలతో దూలం లాగుతూ తిరుగుతున్నాడు. "ఆగవయ్యా!" అంటూ నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

నెల తిరిగేసరికి పెనుగొలనులో ఎద్దు పుండు మానింది. మచ్చ కూడా లేదంది అమ్మమ్మ.

ఏడుకొండలును మంచానికి తాళ్ళతో కట్టేశారని తెలిసి అమ్మతో కలిసి చూడ్డానికి వెళ్ళాను. అతని భుజం మీద అరచేయంత పుండు. పురుగులు. నాకు జాలి కలగలేదు, రోత పుట్టింది. కట్లలోనే అతని కాళ్ళు అడుగులు వేస్తున్నాయి. అలిసిపోయి ఒక్క క్షణం ఆగాయి.

పుండు దగ్గర ఎవరూ లేరు. అయినా దాని నడిమధ్య, ములుగర్ర మొనంత చిల్లు పడింది.

కాళ్ళు మళ్ళీ కదిలాయి...