ఏప్రిల్ ట్యూబులో లేని మచ్చలు

మే మూడు. ఉదయం 6:40.

వైరస్ ల్యాబ్‌లో ఊడ్చే ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఊపిరాడక చచ్చిపోయింది. మధ్యాహ్నానికల్లా ల్యాబ్ డైరెక్టర్ కాగితం మీద తేల్చి పారేశాడు. రోగం ఇంటి దగ్గరే అంటుకుంది. అంటించింది చెల్లెలు.

ఆ చెల్లెలూ అదే ల్యాబ్‌లో ఊడుస్తుంది.

"నాకు జలుబైనా లేదు మేడమ్. అక్కని నేనే మింగానని వీధి వీధంతా అంటోంది" అంది ఇన్‌స్పెక్టర్‌తో.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది.

మే పదహారు. ఉదయం 11:00. ఇన్‌స్పెక్టర్, చెల్లెలు, డైరెక్టర్ ముగ్గురూ ల్యాబ్ ఫ్రీజర్ ముందు నిలబడ్డారు.

"పనివాళ్ళందరికీ మూణ్ణెల్లకోసారి రక్తం తీసి ఇందులో దాస్తాం" అన్నాడు డైరెక్టర్. "ఏప్రిల్ ఇరవైన ఆమెకి తీసిన ట్యూబులో వైరస్ లేదు. ఆ తర్వాత ఆమె ఊడ్చింది వరండాలే, వైరస్ గదిలో అడుగే పెట్టలేదు. డీఎన్ఏ కూడా ఆమెదేనని మీవాళ్ళే చెప్పారు. ఇంకేం కావాలి?"

"జనవరి ట్యూబేదీ?" అంది ఇన్‌స్పెక్టర్.

"పగిలింది."

"ఫిబ్రవరిలో ఆమెకి పది రోజులు ఫ్లూ. మీ రిజిస్టర్లోనే ఉంది. అవునా?"

"అయితే?"

"ఫ్లూ వైరస్ పోయినా దాని గుర్తు పోదు. డీఎన్ఏలో అక్షరం మారదు. ఏ జీన్ పనిచేయాలో, ఏది నోరు మూసుకోవాలో చెప్పే రసాయన మచ్చలు మారతాయి. ఎపిజెనెటిక్ మార్పులంటారు, మీకు తెలీదా? నెలల తరబడి ఉంటాయి. ఆసుపత్రివాళ్ళు తీసిన రక్తంలో ఆ ఫ్లూ మచ్చలున్నాయి. మీ ఏప్రిల్ ట్యూబులో లేవు. అంటే అది ఫిబ్రవరికి ముందు తీసిన రక్తం. జనవరి ట్యూబుకే ఏప్రిల్ లేబుల్ అతికించావు!"

డైరెక్టర్ జన్మంతా జీన్లు చదివినవాడు. డీఎన్ఏ సరిపోతే ఇక ఎవడూ తొంగిచూడడనుకున్నాడు.

"అసలు ఏప్రిల్ రక్తంలో ఏముంది?"

డైరెక్టర్ ఫ్రీజర్ తలుపు మూయబోయాడు. ఇన్‌స్పెక్టర్ బల్ల గుద్దింది.

"నిన్నే!"

"వైరస్. మా ల్యాబ్‌దే."

"ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై ఒకటిన. బయటపడితే ల్యాబ్ మూయించేవాళ్ళు."

"ఆ రోజే చెప్పుంటే మందు పనిచేసేది. పన్నెండు రోజులు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నావు. మంచాన పడేదాకా ఆమెతో ఊడ్పించావు!"

ఫ్రీజర్‌కి సీలు పడింది. డైరెక్టర్ చేతులకి బేడీలు పడ్డాయి.

జీపు దగ్గర వాడు ఆగాడు. "సెల్‌లో జనం కిక్కిరిసి ఉంటారేమో. ఒక మాస్క్ ఇప్పిస్తారా?"

చెల్లెలు అడ్డం వచ్చింది.

"మా అక్క గ్లోవ్స్ అడిగింది. ఏడాది పొడుగునా అడిగింది. చేతులు కడుక్కుంటే చాల్లే అన్నావు. ఎక్కు. అక్కడా కుళాయి ఉంటుందిలే."